మోరాగ్ పక్కన పెట్టిన గొట్టాలు

జావ కాచాలి. తడిబట్టలు ఇంట్లోనే ఆరేయాలి, పెయిస్లీ ఊళ్లో వారమంతా వానే. డూగల్ చేత బీపీ మాత్ర మింగించాలి. మధ్యాహ్నంలోగా ఆసుపత్రికి ఫోన్ చేసి, అతను ఆపరేషన్‌కి వస్తున్నాడో లేదో చెప్పాలి.

మొదటి మూడూ ఎఫీ చేసేసింది. నాలుగోది మొగుడు డూగల్ చేతిలో ఉంది.

డూగల్ పొట్టలో పెద్ద రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బింది. పగిలితే మనిషి దక్కడు. గజ్జ దగ్గర చిన్న గాటు పెట్టి, లోహపు చుట్లు కుట్టిన గుడ్డ గొట్టాన్ని నాళంలోకి పంపిస్తారు. అది లోపల విచ్చుకుని రక్తానికి దారి అవుతుంది. అలాంటి గొట్టాలను చేత్తో కుట్టే ఫ్యాక్టరీలోనే ఎఫీ ఇరవై ఏళ్లుగా పనిచేస్తోంది. అయినా డూగల్ వద్దంటున్నాడు.

"భయమైతే భయమని చెప్పు నాన్నా. ఓడలకు వెల్డింగ్ చేసినంత మాత్రాన భయపడకూడదని లేదుగా," అంది కూతురు కర్స్టీ, రొట్టెకు వెన్న రాస్తూ.

"భయమేం లేదు. మీ అమ్మ మాట మీద నమ్మకం."

ఎఫీ గరిటె పక్కన పెట్టింది. "నేనేమన్నాను?"

"రోజూ భోజనాల దగ్గర ఏమంటావు? ఇవాళ నాదొకటి పోయింది, పక్కన కుట్టే జీన్‌వి రెండు పోయాయి, తనిఖీ చేసే ఆ మంత్రగత్తె మోరాగ్ మళ్లీ తిప్పికొట్టింది. బాగా కుదిరిందన్న మాట ఒక్కనాడూ వినలేదు. అలాంటిది నా పొట్టలో పెట్టించుకోనా?"

అతనన్నది నిజమే. బాగా కుదిరింది పెట్టెలోకి చేరి వెళ్లిపోతుంది. దాని గురించి ఇంట్లో చెప్పడానికేముంటుంది? ఆ ఫ్యాక్టరీలో కుట్టే ఆడవాళ్లందరి ఇళ్లకూ చేరేవి మోరాగ్ మీద తిట్లే.

ఎఫీ అతని ఎదురుగా కూర్చుంది. "మోరాగ్ పక్కన పెట్టినవి ఎక్కడికి పోతాయనుకున్నావు?"

"నాకేం తెలుసు?"

"చెత్తలోకి. ఒక కుట్టు వెంట్రుకంత జరిగినా భూతద్దం కింద పట్టేస్తుంది. రోజంతా కుట్టింది పారేస్తుంది. నేను ఏడ్చినా కరగదు. అలాంటి కళ్లు దాటనిదే ఏ గొట్టమూ ఆసుపత్రికి పోదు, డూగల్."

"మరి మంత్రగత్తె అంటావెందుకు?"

"ఇప్పటికీ అంటాను."

కర్స్టీ నవ్వాపుకోలేకపోయింది. డూగల్ నవ్వలేదు.

"నువ్వు కుట్టింది ఎవడి ఒంట్లోనో ఉందని తెలిసీ నీకు నిద్ర పడుతుందా?"

"పడుతుంది. ఆవిడ చూసింది కాబట్టి పడుతుంది." ఎఫీ జావ గిన్నె అతని ముందుకు జరిపింది. "నువ్వు పక్కన లేకపోతేనే పట్టదు."

డూగల్ జావలో చెంచా ఒకసారి తిప్పి పక్కన పెట్టాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"ఆ ఫోనిలా ఇవ్వు."

ఆపరేషన్ అయి, ఇప్పుడతను కుక్కను వెంటేసుకుని నది ఒడ్డున నడుస్తున్నాడు. అతని గొట్టం ఎవరు కుట్టారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మోరాగ్ కళ్లు మసకబారి, ఈ వసంతంలో పని మానేసింది. వీడ్కోలు రోజున ఆమెను తిట్టినవాళ్లే కేకులు చేసుకెళ్లి, ఆమెను పట్టుకుని ఏడ్చారు. ఆమె కాదన్న గొట్టాలు ఒంట్లోకి చేరనందువల్ల బతికినవాళ్లకు ఆమె పేరు ఎప్పటికీ తెలియదు. చదివిన మీరైనా మోరాగ్‌ను ఒక్కసారి తలచుకోండి.