ఆరో నినాదం

"మీ ఐదు నినాదాల్లో నాలుగు పనికిరావు," అన్నాడు మునికుమార్, పచ్చ ఇంకు పెన్నుకు మూత పెడుతూ.

ఎదురుగా నిలబడ్డ అమ్మాయి చేతులు కట్టుకుంది. "ఐదోది?"

"అది అస్సలు పనికిరాదు."

ఇంత మాట అన్నాక ఎవరైనా విసురుగా వెళ్ళిపోతారు. ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది.

పుంగనూరు రోడ్డులో ఉన్న తేజోమయి ఇంజినీరింగ్ కాలేజీలో నిరసన తెలపడానికి పూర్తి స్వేచ్ఛ ఉంది. ఆ మాట ప్రిన్సిపాల్ కుప్పుస్వామి గారే ప్రతి మీటింగులోనూ చెబుతారు. రెండు రోజుల ముందు ఒక ఫారం నింపాలి, అంతే. అరవబోయే నినాదాలు ఐదుకు మించకుండా అందులో రాయాలి. కమిటీ వాటిని దిద్దుతుంది. దిద్దినవి దిద్దినట్టే అరవాలి. స్థలం సైకిల్ షెడ్డుకూ జనరేటర్ రూముకూ మధ్య. సమయం నాలుగున్నర నుంచి ఐదు. కాలేజీ బస్సులన్నీ నాలుగూ ఇరవైకే వెళ్ళిపోతాయి కాబట్టి ఆ స్వేచ్ఛ వాడుకోవడానికి హాస్టల్ వాళ్ళు తప్ప ఎవరూ మిగలరు. సరిగ్గా నాలుగున్నరకు కరెంటు పోవడం ఆ లైనుకు అలవాటు. ఇక జనరేటర్ మోతలో ఎవరి నినాదం వాళ్ళ చెవికే ఎక్కదు.

కమిటీ అంటే పెద్దలెవరో కాదు, మునికుమార్ ఒక్కడే. థర్డ్ ఇయర్ చదువుతున్నాడు, ఊరు సోమల. తెలుగు బాగా రాస్తాడని, గొంతు పెంచి మాట్లాడడని ప్రిన్సిపాల్ ఏరికోరి ఆ పచ్చ పెన్ను చేతికిచ్చారు. ఆ పెన్ను అంటే వాడికి గర్వమే. లేదంటే అబద్ధం.

"నా పేరు హరిత," అంది ఆ అమ్మాయి. "ఊరు కుప్పం. మాదీ థర్డ్ ఇయరే, సివిల్. లైబ్రరీ ఎనిమిదింటి దాకా తెరిచుంటాది. మా హాస్టల్ గేటు ఆరింటికే మూసేస్తారు. మొగపిల్లోళ్ళు సదువుకోవచ్చు, మేం గోడలు సూస్తా కూర్చోవాల. పది దినాల్లో ల్యాబ్ పరీక్షలుండాయి. దీంట్లో తప్పేముండాదప్పా?"

"తప్పు లేదు. భాష ఘాటుగా ఉండాది."

"'గేటు తెరవాలి' అనేది ఘాటా?"

"హుకుం మాదిరి ఉండాది. దిద్దినాను, సూడు."

హరిత కాగితం తిప్పి పైకి చదివింది. "'గౌరవనీయులైన యాజమాన్యం వారు గేటు వేళల విషయమై సానుభూతితో పరిశీలించవలసిందిగా సవినయంగా వేడుకొనుచున్నాము.'" గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఇది అరిసి ముగించేలోపల మా యమ్మ కుప్పం నుంచి వచ్చి నన్ను ఇంటికి పిల్సకపోతాది."

మునికుమార్‌కు నవ్వొచ్చింది. కమిటీ నవ్వకూడదని కిటికీ వైపు తిరిగాడు. హరిత అది చూసేసింది.

ఫారం ఒకసారి దిద్దితే సరిపోతుంది. మునికుమార్ మూడుసార్లు వెనక్కి పంపాడు. ఒకసారి కామా లేదన్నాడు, ఒకసారి తేదీ పక్కన వారం రాయలేదన్నాడు. అసలు కారణం క్యాంటీన్‌లో టీ పోసే రాజమ్మకు కూడా తెలుసు. తెలియనిది వాడొక్కడికే.

మూడోసారి వచ్చినప్పుడు హరిత కాగితం అడుగున పెన్సిల్ రాతను చూసింది. "ఇదేంది?"

"అది అరిసేది కాదు. ఊరికే రాసినా. సెరిపేయ్."

ఆమె గొంతు తగ్గించి చదివింది. "'ఆరుకల్లా తాళమా? అమ్మాయిలమా, గొడ్లమా?'"

తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేకపోవడం అదే మొదటిసారి. మునికుమార్‌కు చెవులు వేడెక్కాయి.

"ఇంత బాగా రాసేటోడివి, మా వాటిని యాల పాడు సేస్తాండావు?"

ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు. వాడు సీలు కొట్టి కాగితం ఇచ్చేశాడు.

గురువారం నాలుగున్నరకు పన్నెండు మంది అమ్మాయిలు సైకిల్ షెడ్డు దగ్గర నిలబడ్డారు. సన్నగా తుంపర పడుతోంది. కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది. మునికుమార్ నోట్‌బుక్కు పట్టుకుని పక్కనే ఉన్నాడు, ఏ నినాదం దిద్దినట్టే అరిచారో చూసి టిక్కు పెట్టడం కమిటీ బాధ్యత.

"సవినయంగా వేడుకొనుచున్నాము" దగ్గర సగం మందికి ఊపిరి అందలేదు. రెండోది మొదలెట్టేసరికి ఇద్దరికి దగ్గొచ్చింది. ఐదూ అయ్యాయి. ఒక్క ముక్క ఎవరికీ వినపడలేదు.

హరిత మునికుమార్ వైపు చూసింది. జనరేటర్ వైపు చూసింది. ఈ మోతలో ఏం అరిచినా ఒకటేనని ఆమెకు అనిపించి ఉండాలి. పిడికిలి ఎత్తింది.

"ఆరుకల్లా తాళమా!"

సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది. జనరేటర్ టక్కున ఆగిపోయింది.

"అమ్మాయిలమా, గొడ్లమా?"

ఆ గొంతు మెయిన్ బ్లాక్ గోడకు తగిలి తిరిగొచ్చింది. అంతటితో పోయినా బాగుండేది. టమోటా కాలం కదా, మదనపల్లె మార్కెట్‌కు పోయే లారీలు రోడ్డంతా ఆగిపోయి, నాలుగూ ఇరవైకి పోవాల్సిన ఆరు బస్సులూ గేటు లోపలే ఇరుక్కుని ఉన్నాయి. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. మొదట ఒక బస్సు అందుకుంది. తర్వాత ఆరు బస్సులూ అందుకున్నాయి. ఏ గేటో తెలియని లారీ డ్రైవర్లు కూడా తాళానికి తగ్గట్టు హారన్లు కొట్టారు.

మునికుమార్ చేతిలో నోట్‌బుక్కు తడుస్తోంది. వాడు భయపడాలి. కానీ తను రాసిన మాట ఆమె గొంతులో విని వాడికి ఒళ్ళంతా పులకరించింది. భయం తర్వాత వచ్చింది.

మరుసటి రోజు ప్రిన్సిపాల్ గదిలో ఆ భయం పూర్తి సైజులో కూర్చుని ఉంది.

"కాలేజీని గొడ్లపాకతో పోల్చినారు," అన్నారు కుప్పుస్వామి గారు. మనిషి చెడ్డవాడు కాదు, శబ్దం అంటే పడదు. "అనుమతి లేని నినాదం. రాసినవాళ్ళకు పది రోజుల సస్పెన్షన్. ఎవరు రాసినారు?"

పది రోజులంటే ల్యాబ్ పరీక్షలు పోతాయి. పరీక్షలు పోతే ఏడాది పోతుంది. ఆ లెక్క గదిలో ముగ్గురికీ తెలుసు.

"నేనే సార్," అంది హరిత.

"మునికుమార్, ఫారంలో ఇది లేదు కదా?"

"లేదు సార్." పెన్సిల్ రాత ఉన్న కాగితం హరిత బ్యాగులో ఉంది. ఆమె తీయలేదు. వాడి వైపు చూడను కూడా చూడలేదు.

అబద్ధం అక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడంలో వాడికి కాలేజీలోనే మొదటి ర్యాంకు. మునికుమార్ జేబులోంచి పచ్చ పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"రాసింది నేను సార్. ఆమె అరిసింది, అంతే."

"నిన్నెవురు సెప్పమన్నారు?" అని హరిత కసిరింది.

కుప్పుస్వామి గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "రేపు ఇద్దరూ పెద్దవాళ్ళను పిలుచుకురండి."

శనివారం పొద్దున్నే కుప్పం బస్సు దిగి హరిత వాళ్ళమ్మ రుక్మిణమ్మ వచ్చింది. కుప్పంలో బట్టల అంగడి నడిపే మనిషి, ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే ఏం కావాలో కనిపెట్టేస్తుంది. మునికుమార్ వాళ్ళ నాన్న మునిరత్నం సోమల నుంచి వచ్చాడు. కూలి పని నుంచి మొదలై, ఇప్పుడు పుంగనూరు పశువుల సంతలో పేరున్న దళారి. తెల్లటి పంచె, భుజాన ఎర్ర తువ్వాలు.

ప్రిన్సిపాల్ నేరం మొత్తం చెప్పారు. నినాదం కూడా చదివి వినిపించారు.

"గొడ్లనైనా పొద్దుగూకినాకనే కట్టేస్తాం సార్," అన్నాడు మునిరత్నం, చాలా మర్యాదగా.

రుక్మిణమ్మ ఆ మాటకు నవ్వలేదు. మునికుమార్‌ను పైనుంచి కిందికి చూసింది. "ఏమప్పా, గేటు నీది కాదు, హాస్టల్ నీది కాదు. ఈ నినాదం నువ్వు యాల రాసినావు?"

మునికుమార్ నేల చూశాడు. హరిత వద్దన్నట్టు తల ఊపుతోంది. అయినా ఆ రోజు వాడి నోటికి ఏమైందో గానీ నిజం తప్ప రావడం లేదు.

"ఆమె గొంతులో వినాలనిపించి రాసినానమ్మా."

హరిత ముఖం ఎర్రబడింది. రుక్మిణమ్మ చీర కొంగు సర్దుకుని కూతురి వైపు ఒక చూపు చూసింది, కావలసిన జవాబు అక్కడ దొరికినట్టుంది. కుప్పుస్వామి గారు దేన్ని ఏ రూలు కింద రాయాలో తెలియక రిజిస్టర్ మూసేశారు.

అప్పుడు మునిరత్నం ఒక పని చేశాడు. అలాంటిది ఏ ప్రిన్సిపాల్ గదిలోనూ ఎవరూ చేసి ఉండరు. భుజాన ఉన్న తువ్వాలు తీసి, కుడిచేతి మీద కప్పుకుని, ఆ చేతిని బల్ల మీదుగా ముందుకు చాపాడు.

సంతలో బేరం నోటితో చేయరు. తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని అంకెలు చెప్పుకుంటారు, పక్కనున్న వాడికి ఏమీ తెలియదు. మునిరత్నానికి అది ముప్పై ఏళ్ళ అలవాటు, పెద్దమనిషితో ఏదైనా తేల్చుకోవాలంటే చెయ్యి దానంతట అదే తువ్వాలు కిందికి పోతుంది. మునికుమార్ సిగ్గుతో చచ్చిపోయాడు. "నాయనా, ఇది సంత కాదు!"

కానీ కుప్పుస్వామి గారిది రామసముద్రం, రైతు కుటుంబం. చిన్నప్పుడు తాత వెంట సంతలు తిరిగిన మనిషి. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, చొక్కా చెయ్యి పైకి మడిచి, తువ్వాలు కిందికి చెయ్యి పెట్టారు.

తువ్వాలు కదిలింది. ప్రిన్సిపాల్ "ఊహూ" అన్నారు. మునిరత్నం "సార్!" అని నొచ్చుకున్నాడు. మళ్ళీ కదిలింది. కుప్పుస్వామి గారి పెదవుల చివర నవ్వు మొదలైంది, మర్యాదకు అడ్డమొస్తుందని ఆపుకున్నారు. చివరికి ఇద్దరూ చేతులు గట్టిగా ఊపి, బయటికి తీశారు.

"వీడికి రెండు దినాలు సస్పెన్షన్. పరీక్షలకు ముందే అయిపోతాది," అన్నాడు మునిరత్నం తువ్వాలు దులుపుతూ. "పాపకు ఏమీ లేదు. గేటు ఏడున్నరకు."

"మేం అడిగింది ఎనిమిది!" అంది హరిత.

"ఒకే దినంలో ఏ బేరమూ పూర్తిగా కుదరదు తల్లీ. ఆ అరగంట కోసం మళ్ళీ అరిస్తే సరి. అరిసే గొంతు ఉండాది కదా."

కుప్పుస్వామి గారు దగ్గారు. "ఫారం నింపి," అన్నారు, కానీ పచ్చ పెన్ను మాత్రం సొరుగులో వేసి తాళం పెట్టుకున్నారు.

బయట తుంపర ఆగలేదు. గేటు ముందు బస్టాపు రేకుల కింద పెద్దవాళ్ళిద్దరూ ఎవరి ఊరి బస్సు కోసం వాళ్ళు నిలబడ్డారు. హరిత గబగబా మునికుమార్ దగ్గరికి వచ్చింది.

"బుద్ధుండాదా నీకు? అట్లాంటి మాట ప్రిన్సిపాల్ ముందర సెప్తారా? మా యమ్మ ముందర?"

"అడిగినారు, సెప్పినా."

"నన్ను అడక్కుండా సెప్పినావు. రెండు దినాలు కాలేజీలో ఉండవు. నేనెవురితో కొట్లాడాల?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిన్న నువ్వు మాట్లాడకుండా ఉంటావేమోనని భయపడినా తెలుసా. ఉండుంటే నీ మొగం మళ్ళీ సూసేదాన్ని కాదు."

రుక్మిణమ్మ ఇదంతా విననట్టే నటిస్తూ మునిరత్నంతో అంది, "అన్నా, ఒక ఆదివారం ఇంట్లోవాళ్ళను పిల్చుకోని కుప్పం రాండి. కాఫీ తాగి పోదురు గానీ." మునిరత్నం తలూపాడు. ఆ కాఫీ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

"ఆ మాట ప్రిన్సిపాల్‌కు సెప్పినావు, మా యమ్మకు సెప్పినావు," అంది హరిత. "నాకు సెప్పలేదు."

మునికుమార్ గొంతు సవరించుకున్నాడు. "నువ్వంటే నాకిష్టం."

"వినపళ్ళేదు."

వాడు అటూ ఇటూ చూశాడు. వాచ్‌మన్ ఉన్నాడు, నాన్న ఉన్నాడు, పండ్ల బండి ముసలామె ఉంది, రోడ్డు నిండా లారీలున్నాయి. ఇన్నేళ్ళలో వాడు ఎవరి ముందూ గొంతు పెంచి ఎరగడు.

"హరితా! నువ్వంటే నాకిష్టం!"

బస్టాపు మొత్తం ఇటు తిరిగింది. హరిత తల దించుకోలేదు.

"నాకూ నువ్వంటే ఇష్టమే!" అని అంతకంటే గట్టిగా అరిచింది.