కోట గుమ్మం కింద పాతిన తీగలు

ఎడారి అంచున ఉన్న ఖారియా కోట గుమ్మం ముందు చీకటిపడ్డాక చీమ కూడా నడవదు. ఆ ఇంటివాళ్లే దొడ్డిదారిన వచ్చిపోతారు. అక్కడి నేల మూలుగుతుంది మరి... ఓ రాత్రి ఆ మూలుగుకి నూట యాభై ఒంటెలు తాళ్లు తెంచుకుని సరిహద్దు దాటాయట. ఇంకా తిరిగి రాలేదు.

మూలిగేది కమాయిచా తీగలు. మేకతోలు పొట్ట, పేగు తీగల వాద్యమది — కమాను ఆనిస్తే పాడుబావిలోంచి ముసలాడెవరో పిలిచినట్టుంటుంది. ఆ కోట దొరలైన ఠాకూర్ల ఇంట పుట్టుకకీ, పెళ్లికీ, చావుకీ వాళ్ల వంశపారంపర్య పాటగాళ్లు మంగణియార్లు వాయించేది దాన్నే. వంశంలో పోయినవాళ్ల పేర్లన్నీ ఏకబిగిన పాడి, బతికున్న పెద్ద పేరు దగ్గర ఆగి సలాం చేస్తారు.

ఠాకూర్ ఉగమ్ సింగ్ తాత, తాగిన మైకంలో, పాట ఆపాడని మంగణియార్ హాసం ఖాన్ వేళ్లు ఐదూ రోకలితో చితగ్గొట్టాడు. హాసం ఏడవలేదు. తీగలు పీకి, తన తలపాగాలో చుట్టి, ఆ గుమ్మం ముందే పాతేసి వెళ్లిపోయాడు. అంతే — ఆ ఇంటికి ఇక పాట లేదు.

ఇప్పుడు ఉగమ్ సింగ్ కూతురి పెళ్లి. పాట లేని ఇంట అడుగుపెట్టేది లేదని మగపెళ్లివారు ఊరి బయటే ఆగిపోయారు. ఉగమ్ పరుగున హాసం మనవడు లధా ఖాన్ దగ్గరికి వెళ్లాడు.

"ఆ తీగలు తీయండి, హుకుం. తెల్లారేసరికి వచ్చి వాయిస్తా. కానీ తలపాగా విప్పి, ఉత్తచేతులతో తవ్వాలి. మా తాతని క్షమించమనాలి," అన్నాడు లధా, దొరని 'హుకుం' అని మర్యాదగా పిలుస్తూనే.

"మీ తాత మా ఉప్పు తిన్నాడురా."

"మీవాళ్లు ఆయన వేళ్లు తిన్నారుగా, హుకుం."

ఆ రాత్రి ఉగమ్ ఒంటరిగా వెళ్లాడు. తలపాగా తియ్యలేదు. చేతిలో కత్తి.

పొడిచాడు. నేల మూలిగింది... మళ్లీ పొడిచాడు.

గుంటలోంచి తడిగా, వెచ్చగా ఏదో మెడకి చుట్టుకుంది. పేగు తీగ. ఒకటి కాదు, పదిహేడు. మొహాన్ని నేలకేసి బాదాయి. పళ్లు రాలాయి. నరికినకొద్దీ బిగిశాయి, చర్మం ఒలిచాయి. ఆ పెనుగులాటకి కోటగోడ మూడు మూరలు పక్కకి జరిగింది, కావాలంటే వెళ్లి కొలుచుకోండి. అరిచి అరిచి అతని గొంతు పూడుకుపోయింది. అప్పుడు చెవిలో ఎవరో గుసగుసగా —

"పాట ఆపకండి, హుకుం..."

తెల్లారింది. ఉగమ్ లేచాడు. నొప్పి లేదు. గుంట గట్టున తీగలు చుట్టగా ఉన్నాయి. లధా ఖాన్ వచ్చి, వాటిని తీసి కమాయిచాకి బిగిస్తున్నాడు.

"చూశావా, తలపాగా తియ్యకుండానే తీశా," అన్నాడు ఉగమ్.

లధా అటు చూడనైనా చూడక ఇంకో తీగ బిగించాడు. వీడికింత పొగరా అనుకున్నాడు ఉగమ్.

కమాను ఆనింది. పేర్లు సాగాయి. తాత... తండ్రి... ఉగమ్ సింగ్...

సలాం కోసం ఉగమ్ మీసం దువ్వాడు.

పాట ఆగలేదు. ఇంకో పేరు దాకా వెళ్లి, అక్కడ ఆగింది. లధా ఖాన్ తల వంచి సలాం చేశాడు — ఉగమ్ కొడుక్కి.

ఆ కొడుకు తలపాగా విప్పి చేత పట్టుకుని, గుంటలోకి చూస్తున్నాడు.