పీత పట్టు

గెలిచిన సంబరంలో చేతులు పైకెత్తిన మనిషి, ఎత్తిన చేతులు దించకుండానే చనిపోయాడు.

అదొక గేమింగ్ పార్లర్. వరుసగా కుర్చీలు, నీలం వెలుగు, ప్రతి చెవికీ హెడ్‌సెట్. పక్కవాళ్ళు అతను గెలుపు మత్తులో ఉన్నాడనుకున్నారు. మెడ వెనక గుచ్చుకున్న సన్నటి సూదిని కనిపెట్టేసరికి, గుచ్చినవాడు తాగిన కప్పు చెత్తబుట్టలో వేసి, అద్దాల తలుపు చప్పుడు కాకుండా మూసి మరీ వెళ్ళిపోయాడు. చనిపోయింది మామూలు ఆటగాడు కాదు. దేశమంతా జుట్టూ జుట్టూ పట్టుకుని వాదించుకుంటున్న ‘తలుపు’ యాప్‌ని తయారుచేసిన ఇంజనీరు.

తెల్లారగానే గువ్వకు కబురొచ్చింది.

గువ్వ ఆమె అసలు పేరు కాదు, డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఆమె వచ్చి నలుగురి మధ్య నిలబడితే, తర్వాత ఆ నలుగురూ అక్కడ తాము తప్ప ఇంకెవరూ లేరని ఒట్టేసి చెబుతారు. ఈ ఉద్యోగానికి అదే ఆమె అర్హత.

బస్సులో కూర్చున్నా ఆమె కాలు ఆగడం లేదు. చెప్పు అంచు నేలకు టకటకా కొట్టుకుంటూనే ఉంది. చుట్టూ ఒకటే వాదన.

“ఆటలన్నీ నిషేధించాలండీ! మావాడు నన్ను అమ్మా అని పిలిచి ఎన్నాళ్ళయిందో. ఆ హెడ్‌సెట్ తీస్తే కదా పిలవడానికి!” అంటోంది కిటికీ పక్కావిడ.

“నిషేధిస్తే మానేస్తారా? ఇంట్లో వద్దన్నది సందులో దొరుకుతుంది,” అన్నాడు వెనకసీటాయన.

“మీ గోల ఎందుకు? ముఖం చూసి, వయసు తేల్చి, లోపలికి పంపితే సరి. ఆ తలుపు యాప్ అందుకేగా!” అన్నాడు కండక్టరు.

ముగ్గురూ బుద్ధిగా తలూపారు. గువ్వకు అదే నచ్చలేదు. బస్సులో ముగ్గురు కొత్తవాళ్ళు ఒక మాట మీదికి వచ్చారంటే, ఆ మాట వాళ్ళది అయ్యుండదు.

డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఒక డ్రైక్లీనింగ్ షాపు వెనక ఉంది. వేలాడే కోట్ల మధ్యలోంచి దూరి వెళితే ఒక గది, గదిలో నల్లబల్ల, నల్లబల్ల ముందు చీఫ్. ఆయనకు స్క్రీన్ల మీద నమ్మకం లేదు. సుద్దముక్కతోనే బ్రీఫింగ్ ఇస్తాడు కాబట్టి అందరూ ఆయన్ని హెడ్మాస్టరంటారు.

“ఆలస్యం,” అన్నాడు.

“బస్సులో చర్చ జరుగుతోంది సార్.”

“ఎక్కడ జరగట్లేదు? కూర్చో.” బల్ల మీద ఒక తలుపు బొమ్మ గీశాడు. “ఆటలు ఆపాలని ఒక వర్గం. దానికి నాయకురాలు అమ్మగారు, తల్లుల సంఘం. ఆటలు మా హక్కని ఇంకో వర్గం. దానికి నాయకురాలు మెరుపు, గేమింగ్ ఛాంపియన్. ఇద్దరి మధ్యా నలిగిపోయి మంత్రిగారు మధ్యేమార్గం పట్టారు. అదే ఈ యాప్. సాయంత్రం హాల్లో లైవ్ డిబేట్. చివర్లో మంత్రి తన ముఖం చూపించి యాప్‌ని ప్రారంభిస్తాడు. ఆ ముఖమే తాళంచెవి. అది తెరుచుకుందా, ఆట ఉన్న ప్రతి ఫోన్‌లోకీ తలుపు వచ్చి కూర్చుంటుంది.”

“ముఖం చూస్తే నష్టమేంటి సార్?”

“ముఖంతో ఆగితే ఏమీ లేదు. ఫోన్‌లో ఉన్న ఫొటోలన్నీ సరిహద్దు దాటిస్తుంది. తను కట్టిన ఇంటికి ఎవరో దొడ్డిదారి పెట్టారని ఇంజనీరు కనిపెట్టాడు. మనకు చెప్పబోయాడు. చచ్చాడు.” తలుపు బొమ్మ పక్కన సరిహద్దు గీత గీశాడు. “ఇదంతా చేయిస్తున్న సరిహద్దు అవతలి ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో వాళ్ళకు తెలియదు. అనుమానం ఉన్న ముఖాలు మాత్రం వాళ్ళ దగ్గరున్నాయి. వాటిలో ఒక్క ముఖం ఇక్కడి ఏ ఇంటి ఫొటోలో కనబడినా...”

మిగతాది గువ్వకు తెలుసు. చెప్పక్కర్లేదు. ఆ మనిషి గువ్వ అక్క.

అక్క విదేశంలో ఓడల కంపెనీలో పనిచేస్తోందని నాన్న నమ్మకం. లిఫ్ట్ మెకానిక్‌గా రిటైరయ్యాక నాన్న రోజంతా సోఫాలో కూర్చుని ఫోన్‌లో యుద్ధాలు చేస్తుంటాడు. ఆ ఫోన్ తెరిస్తే ముందు కనబడేది ముగ్గురి ఫొటో. మధ్యలో నాన్న, అటు గువ్వ, ఇటు నవ్వుతున్న అక్క.

“మంత్రికి చెప్పలేదా సార్?”

“చెప్పాను. రుజువేదన్నాడు. లేదన్నాను. అయితే మీరు అమ్మగారి మనిషా, మెరుపు మనిషా అనడిగాడు.” హెడ్మాస్టరు నిట్టూర్చాడు. “ఈమధ్య ఏం చెప్పినా ముందు అదే అడుగుతున్నారు. మెరుపు మన ఇన్ఫార్మరు. ముఠా జీతమూ తింటుంది, మన జీతమూ తింటుంది. ఇంజనీరు ఆటలో ఉండగా హెడ్‌సెట్‌లో అన్న ఆఖరి మాట ఆమే చేరవేసింది. ‘రెండు జెండాలూ ఒకే కర్రకి కట్టారు.’ ఎవరో విని ఆమెకు చెప్పారట. నమ్ము, కానీ వీపు చూపించకు.”

సొరుగులోంచి ఒక పౌడర్ డబ్బా తీసి ఇచ్చాడు. “ఇవాళ నువ్వు మేకప్ మనిషివి. ఈ పౌడరు కంటికి మామూలుగానే ఉంటుంది, కెమెరాకు మాత్రం కళ్ళు చెదురుతాయి. నీ ముఖం ఏ కెమెరాలోనూ పడకూడదు, అందుకే. మూత లోపలి అద్దం, దగ్గర్లో వాడుతున్న ఫోన్ స్క్రీన్‌ని బొమ్మ పట్టి దాచుకుంటుంది. రుజువు తీసుకురా.”

హాలు వెనక మెట్లెక్కుతుంటే నాన్న ఫోన్.

“చిన్నీ, ఆ తలుపు యాప్ సాయంత్రం వస్తుందట. ఎక్కడ నొక్కాలే?”

“నాన్నా, దాని జోలికి పోకు.”

“పోకపోతే ఎకౌంట్ లాక్ చేస్తారట! రాత్రి మా టీమ్ ఫైనల్. నేను లేకపోతే ఆ ముగ్గురూ తలా ఓ దారి పట్టి చస్తారు.”

“ఒక్కరోజు ఆడకపోతే కొంపలేం మునగవు.”

“నీకేం తెలుసు? నీకు ఆటన్నా పడదు, ఆడేవాడన్నా పడదు,” అని పెట్టేశాడు.

ఒట్టేయించుకుని అయినా నాన్నని ఆపొచ్చు. కానీ అక్క ఫొటో పిన్ని ఫోన్‌లో ఉంది. అక్క స్నేహితురాళ్ళ ఫోన్లలో ఉంది. ఎంతమంది చేతులు పట్టుకుంటుంది? గువ్వ గోరు కొరుక్కుంటూ మేకప్ గదిలోకి నడిచింది. తలకు విగ్గు, కళ్ళకు లావుపాటి అద్దాలు, ముఖానికి ఆ పౌడరు.

ముందు అమ్మగారు వచ్చింది. తెల్లటి నూలు బట్టలు, నెరిసిన జుట్టు, చేతిలో బటన్ల ఫోను. ఆ పాత ఫోను ఆమె జెండా లాంటిది. స్మార్ట్‌ఫోన్ ముట్టనని, ఆటంటే ఏమిటో చూడనైనా చూడనని ప్రతి మీటింగులోనూ దాన్ని ఎత్తి చూపిస్తుంది.

“ఎక్కువ పూయకు తల్లీ. నేను సినిమా తారను కాదు,” అంది తియ్యగా.

“కొంచెమేనండీ,” అంటూ గువ్వ గదిలోని మామూలు పౌడరు అద్దింది. “అయిపోయింది. ఇదిగో, ఫొటో తీశాను. సరిపోయిందా చూడండి.”

గువ్వ తన ఫోన్‌ని అడ్డంగా అందించింది. అమ్మగారు రెండు చేతులతో అందుకుంది. చూపుడువేళ్ళు రెండూ కొక్కేల్లా వంగి పై అంచు మీద వాలాయి. బొటనవేళ్ళు రెండూ కింద గాలిలో తేలుతూ నిలబడ్డాయి.

గువ్వ చూపు ఆ వేళ్ళ మీదే ఆగిపోయింది.

పీత పట్టు. నాన్న దాన్ని అలాగే అంటాడు. నాలుగు వేళ్ళతో ఒకేసారి ఆడేవాళ్ళు పట్టే పట్టు. నేర్చుకోవడానికి నాన్నకు ఏడాది పట్టింది. వేళ్ళు నొప్పెట్టి అన్నం కూడా చెంచాతో తిన్నాడు. “ఒకసారి వచ్చిందంటే ఇక పోదే చిన్నీ. కరెంటు బిల్లు చూసినా ఇలాగే పట్టుకుంటాం,” అని గొప్పలు పోయేవాడు.

“బాగుంది,” అని ఫోన్ తిరిగిచ్చి అమ్మగారు వెళ్ళిపోయింది.

రెండు జెండాలు, ఒకే కర్ర. ఆపమని అరిచేదీ ముఠాయే, ఆడనివ్వమని అరిచేదీ ముఠాయే. రెండు పక్కలా గొంతు పెంచి, విసిగిపోయిన జనాన్ని తామే మధ్యలో పెట్టిన తలుపు దగ్గరికి తోలుకొచ్చారు. కానీ వంగిన వేళ్ళు చూపించి మంత్రికి రుజువంటే నవ్వుతాడు.

అప్పుడే తలుపు గడియ పడిన చప్పుడు. వెండిరంగు జాకెట్, మోకాళ్ళదాకా బూట్లు, గదంతా పరిమళం. మెరుపు. చేతిలో మూత తీసిన లిప్‌స్టిక్, అందులో లిప్‌స్టిక్ బదులు సూది.

“హెడ్మాస్టరు పంపాడా? ఇంటికెళ్ళిపో. ఇవాళ్టి ఆట అయిపోయింది.”

గువ్వ పఫ్‌కి అంటిన పౌడరు దులుపుతూనే అంది. “ఇంజనీరు ఆఖరి మాట ఎవరో విని నీకు చెప్పారన్నావు. టీమ్ వాయిస్ టీమ్‌లో వాళ్ళకే వినబడుతుందట కదా. మా నాన్న చెబుతుంటాడు.”

సూది గాలిలో ఆగింది.

“అతను మాట్లాడింది నీతోనే. నువ్వు అతని టీమ్‌మేట్‌వి. సూది గుచ్చుకున్నప్పుడు కూడా నువ్వు లైన్లోనే ఉన్నావు.”

మెరుపు సూదిని కిందికి దించింది. “భయపెడతామన్నారు. చంపుతామనలేదు.”

“నువ్వు ఎటువైపు?”

“గెలిచే టీమ్ వైపు. ఎప్పుడూ అంతే.” లిప్‌స్టిక్ మూత బిగించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆ జవాబుకు అర్థం ఏమిటో గువ్వకు అంతుపట్టలేదు.

డిబేట్ మొదలైంది.

“మా పిల్లలు కంచం ముందు కూర్చుని ఎవరినో కాల్చి చంపుతున్నారు. అది ఆటా?” అంది అమ్మగారు. చప్పట్లు.

“ఆడుకునే స్థలాలన్నీ పార్కింగులు చేసి, ఫోన్‌లో ఎందుకు ఆడుతున్నారని పిల్లల్ని అడుగుతారా?” అంది మెరుపు, సెల్ఫీ స్టిక్ మీది ఫోన్‌లోకి చూస్తూ. లక్షలమంది చూసే ఆమె సొంత లైవ్ అది, స్టేజి మీది పెద్ద తెరలో ఓ పక్కన కూడా వస్తోంది. మళ్ళీ చప్పట్లు.

స్టేజి పక్క పరదా చాటున నిలబడి గువ్వ ఇద్దరి మాటలకూ తలూపబోయి ఆపుకుంది. రెండూ నిజాలే. చిక్కంతా అక్కడే ఉంది. అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవారు.

“ఇక మంత్రిగారి ముఖమే తాళంచెవి!” అన్నాడు యాంకర్.

ముఖమే తాళంచెవి. గువ్వ చేతిలోని డబ్బా వంక చూసుకుంది. రుజువు దొరకకపోతే, దొంగ చేతే తెప్పించాలి.

“ఒక్క నిమిషం సార్, చెమట!” అంటూ ఒక్క అంగలో స్టేజి ఎక్కింది. మేకప్ మనిషిని ఎవరాపుతారు? నుదురు, ముక్కు, బుగ్గలు, గడ్డం, ఎక్కడా వదలకుండా పఫ్‌తో అద్దేసింది. మెరుపు అంతా చూస్తోంది. ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

మంత్రి ఫోన్ ఎత్తి నవ్వాడు. పెద్ద తెర మీద ఆయన ముఖం ట్యూబ్‌లైట్‌లా భగ్గున వెలిగింది.

‘ముఖం గుర్తించలేకపోయాం. మళ్ళీ ప్రయత్నించండి.’

హాల్లో కిసుక్కుమన్నారెవరో. మంత్రి మళ్ళీ నవ్వాడు. మళ్ళీ అదే. కళ్ళజోడు తీశాడు, పెట్టాడు, పక్కకు తిరిగాడు. హాలంతా గొల్లుమంది. “మంత్రిగారినే గుర్తుపట్టనిది మనల్నేం గుర్తుపడుతుందిరా!” అని వెనకనించి కేక. లైవ్ ముగించమని యాంకర్ చెవిలో డైరెక్టరు తొందరపెడుతున్నాడు.

గువ్వ స్టేజి దిగకుండా, బల్ల పక్కనే నిలబడి అమ్మగారినే చూస్తోంది.

అమ్మగారి చేతులు మెల్లగా బల్ల కిందికి పోయాయి. బటన్ల ఫోను బల్ల మీదే ఉంది. కింద ఇంకో ఫోన్ వెలిగింది, అడ్డంగా, నాలుగు వేళ్ళ మధ్య. గువ్వ డబ్బా మూత తెరిచింది. అద్దంలో ఆ స్క్రీన్ పడింది. ‘ముఖం లేకుండా తాళం తెరువు.’ కింద ఆకుపచ్చ గీత సర్రున పాకుతోంది. గీత చివర ఒక బటన్. పక్కన సరిహద్దు అవతలి సర్వర్ అడ్రసు.

పెద్ద తెర మీద బొమ్మ హఠాత్తుగా మారింది. మెరుపు సెల్ఫీ స్టిక్‌ని బల్ల కిందికి తిప్పేసింది. వంగిన చూపుడువేళ్ళు, తేలే బొటనవేళ్ళు, వెలుగుతున్న ఫోన్. హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

“పట్టు బాగుంది అమ్మగారూ,” అంది మెరుపు మైకులో. “ఏ ర్యాంకు మీది?”

అమ్మగారు తలెత్తలేదు. గీత చివరికొచ్చింది. బొటనవేలు బటన్ మీదికి దిగుతోంది.

గువ్వ డబ్బాలోని పౌడరంతా ఆమె ముఖం మీద ఊదేసింది.

“హాఛ్!”

ఆ తుమ్ముకు పీత పట్టు సడలి ఫోన్ నేలమీద పడింది. గువ్వ చెప్పు దానిమీద పడింది. పొద్దుట్నుంచీ టకటకలాడుతున్న కాలికి చివరికి ఒక పని దొరికింది.

డబ్బా అద్దంలోని రుజువు ఆ సాయంత్రమే మంత్రి బల్ల మీదికి చేరింది. యాప్ ఆగింది. అమ్మగారిని పోలీసు వ్యానెక్కించారు. మెరుపు తనంతట తానే వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది. “నా టీమ్‌లో ఒకడు తక్కువయ్యాడు. ఇక గెలిచి ఏం చేస్తాను?” అంది గువ్వతో. సరిహద్దు అవతలినుంచి అక్క సంకేతం ఎప్పటిలాగే వచ్చింది. ‘ఇక్కడ వాన లేదు.’ క్షేమమని అర్థం. బస్సులో మాత్రం, ఆటలు నిషేధించాలా వద్దా అని జనం మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టారు. ఈసారి కండక్టరు దగ్గర మూడో మాట లేదు.

ఇంటికి చేరేలోపే నాన్న ఫోన్.

“చూశావటే చిన్నీ? ఎవత్తో మేకప్ పిల్ల మంత్రి ముఖాన్ని వల్లకాడు చేసింది! అలాంటి చేతకానిదాన్ని ఉద్యోగంలో ఎలా పెట్టుకున్నారో!”

“నిజమే నాన్నా. పనిరాని పిల్ల.”

“ముఖం సరిగ్గా కనబళ్ళేదు కానీ,” అన్నాడు నాన్న, “స్టేజి ఎక్కిన నడక మాత్రం అచ్చం నీదేనే.”

గువ్వ ఫోన్ చేతులు మార్చుకుంది. మంత్రి ముఖం మార్చడానికి ఒక డబ్బా పౌడరు చాలింది. నాన్న ముందు నడక ఎలా మార్చాలో డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ నేర్పలేదు.