సాకెట్టుకో లాకు, కేశవకో సాకు

"కెర్నెల్లో లాకు పట్టుకొని ఇరుక్కున్నా! బయటికి రాలేక సస్తాండా!"

మిద్దె మీద వీడియో కాల్‌లో కేశవ పెట్టిన ఈ కేక కింద వాళ్లమ్మ రామసుబ్బమ్మ చెవిన పడింది. మరుక్షణం చేతిలోని చేట నేల మీద, చేయి గుండె మీద.

"అయ్యో దేవుడా! మావోడు కర్నూల్లో లాకప్పులో ఇరుక్కున్నాడంట!"

"అమ్మా, నేను ఈడనే ఉండా! కర్నూలు కాదు, కెర్నెలు. కంప్యూటర్‌ను నడిపే లోపలి పెద్దమనిషి."

"మరి లాకప్పు?"

"లాకు మాత్రమే. కప్పు నువ్వు తేవాల, కాఫీతో."

కాల్‌లో అవతల హిమబిందు పగలబడి నవ్వింది. కేశవ కోడ్‌కు వేసి పంపే ప్రతి ప్యాచ్‌లోనూ, అంటే ప్రతి అతుకులోనూ, తప్పులు పట్టడం కంపెనీ ఆమెకు అప్పగించిన ఉద్యోగం. అతను ప్యాచ్ పంపితే ఆమె పేచీ పంపేది.

ఇరుక్కున్న మాట మాత్రం నిజమే. కెర్నెల్లో నెట్‌వర్క్ మొత్తానికీ ఇన్నాళ్లూ ఒకటే పెద్ద లాకు. ఒకడు లోపలుంటే మిగతా లోకమంతా బయట క్యూ. సాకెట్టంటే రెండు ప్రోగ్రాములు మాట్లాడుకునే కిటికీ అనుకోండి. ఏ కిటికీ లాకు ఆ కిటికీకే పెట్టి క్యూ తగ్గిస్తానని కేశవ బెంగళూరు కంపెనీకి మాటిచ్చాడు. క్యూ తగ్గలేదు, పరువు తగ్గింది. రెండు లాకులూ కావలసినచోట ఒకడు ఈ లాకు పట్టుకుని ఆ లాకు కోసం, ఇంకొకడు ఆ లాకు పట్టుకుని ఈ లాకు కోసం, కదలరు, మెదలరు. డెడ్‌లాక్!

"మీ కోడ్ చదివితే నాకు తలనొప్పి వస్తోందండీ" అంటుండగా హిమబిందు మాయమైంది. ఇతని కరెంటూ పోయింది. ఆ వారంలో మూడోసారి ఇద్దరూ ఒకేసారి మాయమై ఒకేసారి ప్రత్యక్షమయ్యేసరికి, ఇద్దరిదీ ఒకే కరెంటు లైనేమోనని కేశవ బుర్ర వెలిగింది. ఆ బుర్రకు కరెంటు లేటు.

"మేడం, మీరుండేది యాడ?"

"దేశనూరు పక్క క్యాంపులో. ఏం, ఇంటికొచ్చి పోట్లాడతారా?"

కోస్తా నుంచి వచ్చి ఆ క్యాంపులో వరి పండిస్తూ స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. ఒకే కాలువ. కేశవ వాళ్ల పొలం మొదట్లో, వాళ్లది చివర్లో. అరగంట దూరంలో ఉన్న అమ్మాయి చేత బెంగళూరు మీదుగా తిట్లు తింటున్న మగాడు బళ్లారి జిల్లాలో తనొక్కడేనని కేశవకు అర్థమైంది.

అప్పటి నుంచి పని కోసం కలుస్తూ, నాలుగోసారి సిరుగుప్ప బస్టాండులో, వానలో, ఒకే గొడుగు కింద ల్యాప్‌టాప్ తెరిచారు. గొడుగు ల్యాప్‌టాప్‌కే సరిపోయింది.

"లాకులకు ఒక వరస పెట్టు. చిన్న అడ్రసున్న లాకు ముందు, పెద్ద అడ్రసున్నది తర్వాత. ఏ వరసైనా సరే, అందరూ అదే పాటించాలి" అంది హిమబిందు.

వరస అనగానే, తను ఆమెకు ఏ వరసవుతాడా అని ఇతగాడు ఆలోచనలో పడ్డాడు. ఆమె చెప్పిన వరసతో మెషిన్ కదిలింది. కేశవ నాలుక కదల్లేదు. ఇష్టమని చెప్పాల్సిన మాట మింగేసి, "మన పెళ్లి సంగతి మా ఇంట్లో చెప్పినా" అన్నాడు.

"నేనూ చెప్పాను. ఇక పెద్దవాళ్లు చూసుకుంటారు."

పెద్దవాళ్లు బాగా చూసుకున్నారు, గడియారం కేసి. రెండు ఆదివారాలు గడిచాయి. మూడోవారం హిమబిందు ఫోను.

"మీవాళ్లకి నేను నచ్చలేదనుకుని, ఆదివారం బళ్లారి సంబంధం వాళ్లని రమ్మన్నారు నాన్న."

"నచ్చకపోయేదేంది? రెండు ఆదివారాలు ఇస్త్రీ చొక్కా ఏసుకొని కొయ్యబొమ్మ మాదిరి కూచున్నా! పిల్ల తట్టోళ్లే ముందు రావాలంటాడు మా నాయిన. మీరు రాలేదే!"

"మేమెందుకొస్తాం? మగపెళ్లివాళ్లు కదా ముందు రావాలి!"

కేశవ నెత్తి కొట్టుకున్నాడు.

"హిమా... డెడ్‌లాక్."

"కోడ్‌లో ఒకటి చాలక ఊళ్లో కూడా పెట్టావా? వెళ్లు! కాలువ గేటు దగ్గర నీళ్ల మీటింగులో ఉన్నారు ఇద్దరు నాన్నలూ."

కేశవ ఫోను కట్ చేయడం మరిచి, స్పీకర్లోనే జేబులో వేసుకుని బండెక్కాడు.

గేటు దగ్గర ముప్పై మంది రైతులు. కేశవ నాయిన కోదండరామి ఒక గట్టున, హిమబిందు నాన్న వెంకట్రావు ఇంకో గట్టున, వీపులు ఎదురెదురుగా పెట్టి కూర్చున్నారు. కేశవ మధ్యలో నిలబడి గడగడా చెప్పేశాడు.

"వద్దనేదేంది సామీ! మీరొస్తారని కాచుకోనుండాం" అన్నాడు కోదండరామి.

"మేమూ మీకోసమేనండీ! అయితే రండి."

"మీరే రాండప్పా."

మళ్లీ బిగుసుకుపోయింది మెషిన్. కేశవ నీళ్లు వదిలే దురుగప్ప వైపు తిరిగాడు.

"దురుగప్పా, నీళ్లు ముందు ఎవురికి?"

"చివర పొలానికి. ఆ వరస మీద ఎవురూ కొట్లాడరు."

"మనమూ అట్లే పోదాం నాయినా. ముందు చివరింటికి. ఆమీట వాళ్లు మన కడకు."

కోదండరామి కాలువ కేసి చూసి, "నీళ్లకు లేని బిగువు నాకెందుకులే. పదప్పా" అని లేచాడు.

అప్పుడు కేశవ జేబు మాట్లాడింది. "అంతా తేల్చుకున్నారు. నాకు మాత్రం నువ్వింకా ఏమీ చెప్పలేదు కేశవా!"

ముప్పై తలలు జేబు వైపు తిరిగాయి. "అంటే... ప్యాచ్... లాకు..." కేశవ గొంతుకే లాకు పడింది.

"సరేలే, చివర పొలంవాళ్లం కదా, మొదటి వంతు మాదే. నువ్వంటే నాకిష్టం."

"నాక్... నాక్కూడా!"

"ఏమంటోందండీ మా అమ్మాయి?" అన్నాడు వెంకట్రావు.

దురుగప్ప వెనక వరసకూ వినపడేట్టు అందుకున్నాడు. "మీరొస్తారని వీళ్లు, వీళ్లొస్తారని మీరు! ఈయప్ప చెప్తాడని ఆయమ్మ, ఆయమ్మ చెప్తాదని ఈయప్ప! అందరికీ అందరూ ఇష్టమేనంట సామీ, నోరు తెరిచేదే బాకీ! ఇప్పుడన్నా గేటెత్తేదా?"