పదమూడు రాత్రుల ప్లాను

గ్లోరియా మొదటిసారి తమ ఆఫీసు మెట్లెక్కింది గొడవ పెట్టుకోవడానికేనని జెఫ్రీ ఇప్పటికీ అంటాడు. ఒక్క ప్రశ్న అడిగి పోదామని వచ్చానని ఆమె అంటుంది. నన్నడిగితే ఇద్దరి మాటా నిజమే.

రెజిమెంటల్ బజార్‌లో పరుపుల దుకాణం పైన హనీఫ్ భాయ్ ట్రావెల్ ఆఫీసు ఉంది. రెండు బల్లలు, ఒక ఫ్యాను, గోడంతా పరుచుకున్న యూరప్ మ్యాపు. ఆ మ్యాపు కింద కూర్చుని జెఫ్రీ ఆరేళ్లుగా జనాన్ని పారిస్‌కీ రోమ్‌కీ పంపిస్తున్నాడు. మనిషి బుద్ధిమంతుడే. కాకపోతే ఎవరేం అడిగినా తెలీదని మాత్రం ఒప్పుకోడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం గ్లోరియా వచ్చింది. చిలకలగూడలో ఒక స్కూల్లో జాగ్రఫీ టీచర్. జెఫ్రీ అలవాటు కొద్దీ రంగురంగుల బ్రోచర్ ముందుకు జరిపాడు. పద్నాలుగు రోజులు, తొమ్మిది నగరాలు. ఆమె దాన్ని పేపర్లు దిద్దినట్టు మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఇందులో ఎక్కడైనా కాసేపు కూర్చునే టైముందాండీ?"

"బస్సులో కూర్చోవచ్చు మేడమ్."

"బస్సులో కూర్చోడానికి యూరప్ దాకా ఎందుకు? స్టేషన్ ముందు ఎక్కితే పటాన్‌చెరు దాకా కూర్చోవచ్చు."

వెనక బల్ల దగ్గర పేపరు చదువుతున్న హనీఫ్ భాయ్ నవ్వాపుకోలేక దగ్గాడు. జెఫ్రీ ముఖం కందిపోయింది. ఎంతమంది వెళ్తున్నారని కాస్త పొడిగా అడిగాడు. ఒక్కదాన్నేనని చెప్పి ఆమె సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసింది.

ఆమె కథ పొడవైందేమీ కాదు. ఐదేళ్లుగా ఎనిమిదో తరగతికి ఆల్ప్స్ పర్వతాల పాఠం చెబుతోంది. కళ్లతో చూడని కొండల గురించి అంత ధీమాగా చెప్పడానికి ఈమధ్య సిగ్గేస్తోందట. వాళ్ల నాన్న డేవిడ్ రాజు రైల్వేలో క్లర్కుగా రిటైరయ్యాడు. బతిమాలగా బతిమాలగా ఈ ఒక్క వేసవికి సరేనన్నాడు. జూన్ వచ్చిందంటే సంబంధాలు చూడటం మొదలుపెడతానని కూడా అన్నాడు. అంటే ఈ మే నెలలో పోతే పోయినట్టు, లేకపోతే లేనట్టే.

అప్పటి నుంచి ప్రతి శనివారం ఆమె వచ్చేది. నోటుబుక్కు తెరిచేది. అందులో మామూలు టూరిస్టులు అడిగే ప్రశ్న ఒక్కటీ ఉండేది కాదు. వెనిస్‌లో వీధులన్నీ నీళ్లే కదా, మరి చెత్త ఎలా ఎత్తుతారు? పారిస్‌లో బట్టలు ఎక్కడ ఆరేస్తారు? జ్యూరిక్ దాటాక రైల్లో సరస్సు ఏ పక్క కిటికీలోంచి కనిపిస్తుంది?

జెఫ్రీకి ఒక్కదానికీ జవాబు తెలీదు. కనుక్కుని చెబుతానని అనేవాడు. ఆమె మెట్లు దిగగానే, తను ఇదివరకు యూరప్ పంపినవాళ్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టేవాడు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండే వెంకటరత్నం గారైతే సరస్సు మాట ఎత్తగానే ముప్పావుగంట మాట్లాడాడు. రైలు సరస్సు పక్కనుంచి వెళ్లేటప్పుడు తాను పులిహోర తింటున్నాడట. సరస్సు చూసింది వాళ్లావిడ. ఆవిడ వంటింట్లోంచి ఎడమ పక్కన అని కేకేసింది.

ఇలా అడిగి అడిగి జెఫ్రీకి కూడా ఆ రోగం అంటుకుంది. ఆరేళ్లుగా చూస్తున్న మ్యాపులో ఊళ్లు కనిపించసాగాయి. మంగళవారం వచ్చేసరికి వచ్చే శనివారం ఆమె ఏం అడుగుతుందోనని ఆలోచించేవాడు. గురువారానికి ఏ రంగు చీర కట్టుకొస్తుందోనని కూడా ఆలోచించేవాడు. దాన్నేమంటారో హనీఫ్ భాయ్‌కి తెలుసు, పరుపుల దుకాణం వాళ్లకూ తెలుసు. జెఫ్రీకి తెలియడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

మార్చి మొదటివారంలో ప్లాను పూర్తయింది. మొత్తం పదమూడు రాత్రులు. పారిస్‌లో మూడు, స్విట్జర్లాండ్‌లో ఐదు, వెనిస్‌లో మూడు, వియన్నాలో రెండు. ఆ దేశాలన్నిటికీ కలిపి వీసా ఒకటే. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి దరఖాస్తు పెట్టుకోవాలి. కాబట్టి స్విట్జర్లాండ్ వీసాకు అపాయింట్‌మెంట్ తీసుకుంటే పని అయిపోయినట్టే.

జెఫ్రీ ప్రింటు తీశాడు. చేత్తో పట్టుకుని చూశాడు. ఇది ఇచ్చేస్తే ఈ అమ్మాయి ఇంక ఈ మెట్లెక్కదు కదా అనిపించింది. కాగితాన్ని మడిచి డ్రాయర్లో పెట్టాడు. ఆ శనివారం రైలు టైములు మారుతున్నాయని చెప్పాడు. మరుసటి శనివారం వియన్నాలో హోటలు కుదరలేదన్నాడు. రెండూ అబద్ధాలే.

ఆ తర్వాత సోమవారం ఎందుకో అనుమానం వచ్చి వీసా అపాయింట్‌మెంట్ల పేజీ తెరిచాడు. మే రెండో వారం దాకా ఒక్కటీ ఖాళీ లేదు. అటూ ఇటూ నొక్కి చూసినా అదే పేజీ. అప్పుడు దరఖాస్తు పెడితే వీసా చేతికొచ్చేసరికి జూన్ వచ్చేస్తుంది.

"ఏంది జెఫ్రీ, గిట్ల కూసున్నవ్? పరేషాన్‌గున్నవ్," అన్నాడు హనీఫ్ భాయ్.

జెఫ్రీ జరిగిందంతా చెప్పాడు. హనీఫ్ భాయ్ తిట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నాకెందుకు చెప్తున్నవ్? పోయి ఆ పిల్లకు చెప్పు," అన్నాడు.

స్కూలు వదిలే వేళకు జెఫ్రీ గేటు దగ్గరికి చేరేసరికి అకాలంగా వాన పట్టుకుంది. పిల్లలందరూ పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని పరుగెడుతున్నారు. గేటు పక్క రేకుల షెడ్డు కింద గ్లోరియా ఆటో కోసం నిలబడి ఉంది. జెఫ్రీని చూసి ఆమె ముఖం విప్పారింది. ఆ నవ్వు చూడగానే అతనికి అక్కణ్నించి పారిపోవాలనిపించింది.

"ప్లాను రెండు వారాల కిందనే అయిపోయిందండీ. నేనే ఇవ్వలే. ఇప్పుడు స్విస్ వీసాకు అపాయింట్‌మెంట్లు లేవు."

"ఎందుకివ్వలేదు?"

"ఇస్తే మీరు మళ్లీ రారు గదా అని."

ఇంకేమైనా దాచారా అని ఆమె అడిగింది. తానెప్పుడూ యూరప్ వెళ్లలేదని, ముంబై దాటి అడుగు పెట్టలేదని జెఫ్రీ చెప్పాడు. అది తనకు మొదట్లోనే తెలుసంది గ్లోరియా. వెళ్లొచ్చినవాళ్లకైతే ప్రతిదీ కనుక్కుని చెబుతాననాల్సిన అవసరం రాదు కదా.

తర్వాత ఆమె గొంతు మారింది. "ఐదేళ్లు ఆగితే దొరికిన ఒక్క వేసవండీ ఇది. ఇష్టముంటే ఇష్టమని నోటితో చెప్పాలి. నా ప్రయాణాన్ని తీసుకెళ్లి డ్రాయర్లో పెట్టడమేంటి?"

ఆటో కోసం ఆగకుండా వానలోనే నడిచి వెళ్లిపోయింది. ఆమెకు కోపంకన్నా బాధే ఎక్కువగా ఉంది. అది జెఫ్రీకి కూడా అర్థమైంది. ఆ రోజు అతను తన మీద తనకు కలిగిన అసహ్యంతో తడిసిన బట్టల్లోనే ఆఫీసుకు తిరిగొచ్చాడు.

మూడు రోజులు మ్యాపు ముందే కూర్చున్నాడు. ఫ్రాన్సుకు అపాయింట్‌మెంట్లు లేవు. ఇటలీకి లేవు. ఆస్ట్రియాకు మాత్రం పై గురువారం ఒకటుంది. అయితే ఆస్ట్రియాలో ఆమె ఉండేది వియన్నాలోని రెండు రాత్రులే. స్విట్జర్లాండ్ నుంచి రెండు రాత్రులు తీసి ఆస్ట్రియాకు కలిపితే అక్కడ నాలుగవుతాయి, మిగతాచోట్లన్నీ మూడే. కాగితం మీద రాత్రులు కలపడం తేలికే. కానీ ఆ రెండు రాత్రులూ ఆమె ఆల్ప్స్‌లో గడపాలనుకున్నవి, వాటికి తగ్గ చోటు చూపించాలి. మ్యాపు మీద వేలు పెట్టి వెతగ్గా వెతగ్గా, ఆస్ట్రియా వైపు ఆల్ప్స్ మధ్యనే ఒక సరస్సు, దాని ఒడ్డున ఒక చిన్న ఊరు దొరికింది.

ఫోను చేస్తే గ్లోరియా వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడే కాగితం అందుకుని చదివింది.

"ఈ ఊళ్లో ఏముంది?"

"తెల్వదండీ," అన్నాడు జెఫ్రీ. ఆ మాట అతని నోటినుంచి హనీఫ్ భాయ్ వినడం కూడా అదే మొదటిసారి. "మా కస్టమర్లు ఎవ్వరూ అక్కడికి పోలే. మీరే చూసొచ్చి చెప్పాలె."

గ్లోరియా ఆ ఊరి పేరును ఇంకోసారి చదువుకుంది. గోడ దగ్గరికి వెళ్లి మ్యాపులో దాన్ని వెతికింది. చుట్టూ ఏ కొండలున్నాయో, నీళ్లు ఎటు పారుతాయో వేలితో చూసుకుంది. అప్పుడొచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఆ రెండు వారాలూ కాగితం డ్రాయర్లోనే ఉందా?"

"ఉంది."

"తీసి చూసేవారా?"

"రోజూ చూసేటోణ్ణి."

ఆమె నోటుబుక్కు తెరిచి, పెదవుల మీదికి వస్తున్న నవ్వు కనిపించకుండా తల వంచుకుని ఏదో రాసుకుంది.

వీసా వచ్చింది. ప్రయాణం ఇంకో వారం ఉందనగా ఆదివారం సాయంత్రం గ్లోరియా వాళ్లింట్లో ప్రార్థన పెట్టారు. దూరం వెళ్లే మనిషిని ప్రార్థన చేయించకుండా పంపడం వాళ్లింటి పద్ధతి కాదు. ప్లాను కాగితం కూడా తీసుకురమ్మని గ్లోరియా జెఫ్రీకి ఫోన్ చేసింది. చర్చి అయ్యగారు ఊళ్ల పేర్లన్నీ చదివి ప్రార్థిస్తారట.

చిలకలగూడలో వాళ్లిల్లు చిన్నది. చాపల మీద పదిహేనుమంది ఇరుక్కుని కూర్చున్నారు. గ్లోరియా వాళ్లమ్మ రోసమ్మ జెఫ్రీని ముందు వరసలోకి పిలిచింది. పాస్టరు జకర్యా అయ్యగారికి డెబ్బై దాటాయి, ఎవరికి పెళ్లయిందో ఎవరికి కాలేదో ఈమధ్య సరిగా గుర్తుండదు. ఆయన కాగితం అందుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. పైన గ్లోరియా పేరుంది. దాని కిందే జెఫ్రీ పేరుంది. ప్లాను వేసినవాడి పేరు, ఫోను నంబరు వేయడం ఆఫీసు అలవాటు. ఆడపిల్ల ఒక్కతే అంత దూరం వెళ్లడం అయ్యగారు తన సర్వీసులో ఎరుగడు. పేర్లు రెండున్నాయి, ముందు వరసలో కొత్త కుర్రాడు బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. కొత్త దంపతులనుకుని ఆయన తృప్తిగా తలాడించి అందర్నీ కళ్లు మూసుకోమన్నాడు.

"ప్రేమగల తండ్రీ, పారిస్ నగరంలో మూడు రాత్రులు నీ బిడ్డలైన గ్లోరియాను, జెఫ్రీని నీ రెక్కల కింద కాపాడు."

అందరూ అలవాటుగా ఆమెన్ అన్నారు. జెఫ్రీ కాదని చెప్పబోయాడు. అయితే ప్రార్థన మధ్యలో ఎవరూ కళ్లు తెరవరు, అడ్డు చెప్పరు. డేవిడ్ రాజు గొంతు సవరించుకున్నాడు. అంతకుమించి ఆయనా ఏమీ చేయలేకపోయాడు. స్విట్జర్లాండ్‌లో ఇద్దరికీ చలి తగలకూడదని అయ్యగారు వేడుకున్నాడు. వెనిస్‌లో ఇద్దరూ పడవలోంచి జారిపడకూడదన్నాడు. ప్రతి ఊరికీ ఒక ఆమెన్ పడింది.

జెఫ్రీ ఉండబట్టలేక ఒక కన్ను తెరిచాడు. వంచిన తలలన్నిటి అవతల గ్లోరియా రెండు కళ్లూ తెరిచి అతన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఈ మనిషి ఇప్పుడేం చేస్తాడా అన్న కుతూహలం ఉంది. జెఫ్రీ తల తిప్పుకోలేదు. ఆమె కూడా తిప్పుకోలేదు.

"తిరిగి వచ్చిన తర్వాత వీరిద్దరి కాపురాన్ని నీవే కట్టు తండ్రీ," అని అయ్యగారు ముగించాడు.

"ఆమెన్," అన్నాడు జెఫ్రీ. అదే క్షణంలో గ్లోరియా కూడా అంది.

అందరూ కళ్లు తెరిచారు. డేవిడ్ రాజు నెమ్మదిగా విషయం చెప్పాడు. అమ్మాయి ఒక్కతే వెళ్తోందని, ఈ అబ్బాయి టికెట్ల ఆఫీసులో పనిచేస్తాడని. అయ్యగారు కాగితాన్నీ కుర్రాణ్నీ మార్చి మార్చి చూశాడు. పాపం, నొచ్చుకున్నాడు. పొరపాటైందని, కావాలంటే సవరించి మళ్లీ ప్రార్థన చేస్తానని అన్నాడు.

"యూరప్ దాకా సవరించండి అయ్యగారూ," అంది గ్లోరియా. "మిగతాది అలాగే ఉండనివ్వండి."

రోసమ్మ కూతురి వైపు చూసింది. అయ్యగారు డేవిడ్ రాజు వైపు చూశాడు. డేవిడ్ రాజు జెఫ్రీని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఇంకోసారి చూశాడు. మీ నాన్నగారు ఏం చేస్తారు బాబూ, మీది ఏ చర్చి అని రెండు ప్రశ్నలడిగాడు. జెఫ్రీ తడబడుతూనే రెండింటికీ జవాబు చెప్పాడు. "అమ్మాయి చెప్పినట్టే సవరించి మళ్లీ ప్రార్థన చేయండి అయ్యగారూ," అన్నాడు డేవిడ్ రాజు.

ఆ తర్వాత అందరికన్నా ముందు తనే తల వంచి కళ్లు మూసుకున్నాడు.