వంతెన కింది అయిదు చేపలు

ఆవిడ మనుషుల డాక్టరు కాదు. నదిలో చేపల మంచిచెడ్డలు చూసే శాస్త్రవేత్త. ఊరంతా చేపల డాక్టరమ్మ అంటారు. ఓ రోజు మేస్టారి ఆఫీసులోకి వచ్చి కూర్చుంది.

మేస్టారు సైన్సు పాఠాలు చెప్పి రిటైరై డిటెక్టివ్ అయిన మనిషి. పక్కనున్న శిష్యుడు ఒకప్పుడు ఆయన క్లాసులోనే రెండుసార్లు ఫెయిలైనవాడు. బట్టతల వచ్చినా ఆయన ముందు కాలు మీద కాలు వేసుకోడు.

డాక్టరమ్మ చెప్పింది ఇదీ. ఎవరో తెచ్చి వదిలిన పరాయి చేపలు, ఈ నదిలోనే పుట్టిన చారల చేపల్ని మింగేస్తున్నాయి. పదేళ్లు కాళ్లరిగేలా తిరిగి ఆవిడ అనుమతి తెచ్చుకుంది. జలపాతం నుంచి వంతెన దాకా మందు కలిపి పరాయి చేపల్ని చంపాలి. వంతెన దగ్గర గొట్టంతో విరుగుడు పోసి, మందు కిందికి పోకుండా ఆపాలి. ఎందుకంటే దిగువ మడుగులో మూడువందల చారల చేపలున్నాయి. నదిలో మిగిలినవి అవే.

విరుగుడు పనిచేస్తోందో లేదో చెప్పడానికి రెండు బుట్టలు కట్టారు, గొట్టానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి. ఆవిడ సిమెంటు తొట్లో పెంచిన చారల చేపల్ని అయిదేసి చొప్పున వాటిలో వేశారు. ఎగువవి చావాలి, దిగువవి బతకాలి. దిగువవి తేలితే క్షణాల మీద కబురు చెయ్యాలి. కాపలా ఉన్నాయన పుస్తకంలో అరగంటకోసారి రాశాడు, అయిదూ బతికే ఉన్నాయని. అయినా సాయంత్రానికి మడుగులో మూడువందలూ వెల్లకిలా తేలాయి.

సరదాకి గాలాలు వేసే క్లబ్బు ప్రెసిడెంటుకి పరాయి చేపలంటే ప్రాణం, అతనే మడుగులో విషం కలిపాడేమోనని ఆవిడ అనుమానం. డాక్టరమ్మే మందు ఎక్కువ పోసిందని పైఆఫీసరు పట్టు. ఎల్లుండి విచారణ.

"ఉద్యోగం పోతే పోనీండి మేస్టారూ. వాటిని చంపింది నేనేనా? అదొక్కటి తేల్చండి."

ఆవిడ గదిలో గాజుతొట్టిలో దిగువ బుట్ట చేపలు అయిదూ తిరుగుతున్నాయి. పక్కన సీసాలో, స్పిరిట్లో, ఎగువ బుట్టవి. మేస్టారు భూతద్దం శిష్యుడికిచ్చి చూడమన్నారు. సీసాలోవాటి రెక్కల అంచులు అరిగి పీచులా ఉన్నాయి. తొట్టిలోవాటివి నున్నగా, మొనతేలి ఉన్నాయి. చచ్చినదానికీ బతికినదానికీ తేడా ఉండదూ అనుకుని శిష్యుడు భూతద్దం తిరిగిచ్చేశాడు.

మేస్టారు వెళ్లి అడిగితే క్లబ్బు ప్రెసిడెంటు ఇంతెత్తున లేచాడు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి దెబ్బలాడదామని వంతెన దగ్గరికి వెళ్లాననీ, తిట్టడానికైనా మనిషి లేడనీ, ఖాళీ కుర్చీ మీద తువ్వాలు మాత్రం ఉందనీ చెప్పాడు. కాపలా ఉన్నది బాబాయి. డాక్టరమ్మ అలా పిలుస్తుందే గానీ చుట్టమేం కాదు. నలభై ఏళ్లుగా నదిని కనిపెట్టుకుని ఉన్న ముసలాయన. డాక్టరమ్మ ఉద్యోగంలో చేరిన మొదటిరోజు చెయ్యి పట్టుకుని రాళ్ల మీదుగా నది దాటించాడు. తను కుర్చీలోంచి కదల్లేదన్నాడు, నేల చూపులు చూస్తూ.

మర్నాడు పొద్దున మేస్టారు నలుగురినీ వంతెన మీదికి పిలిపించారు.

"సిమెంటు తొట్లో పెరిగిన చేప రెక్కలు గోడకి రాసుకుని అరిగిపోతాయి," అన్నారు. "సీసాలోవి అలాగే ఉన్నాయి. అదే తొట్లోంచి వచ్చాయంటున్న దిగువ బుట్టలోని ఈ అయిదింటికీ ఒక్క గీత కూడా లేదు. ఇవి పారే నీళ్లలో పెరిగినవి. అంటే బుట్టలో చేపలు మారాయి. అసలువి చచ్చిపోతేనే కదా మార్చాల్సింది? కుర్చీ ఖాళీగా ఉన్నది అప్పుడే."

బాబాయి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"గొట్టంలో విరుగుడు పొడి గడ్డకట్టిందమ్మా. చూసేసరికి అయిదూ తేలున్నాయి. గొట్టం బాగుచేసి, బుట్టలో వేరేవి తెచ్చి వేశాను. చెప్తే పనాపేస్తారు, మళ్లీ నీకు అనుమతి ఇవ్వరు. పదేళ్ల నీ కష్టం... జారిపోయిన మందు మడుక్కి చేరేసరికి పలచబడుతుందనుకున్నా."

"ఇక్కణ్ణించి మడుక్కి నీళ్లు చేరడానికి రెండు గంటలు పడుతుంది, బాబాయ్." అంది ఆవిడ. "ఒక్క మాట చెప్పుంటే అక్కడే విరుగుడు పోసేదాన్ని. మూడువందలూ బతికేవి."

ఆయన తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. విచారణలో తనే చెప్తానన్నాడు. శిష్యుడికి ముసలాయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"మరి ఈ అయిదూ ఎక్కడివి?" అన్నారు మేస్టారు మెల్లగా.

కొండ పక్క సన్నవాగులోవట. మందు అటు పోలేదు. కాయితంలోకెక్కితే గాలాలవాళ్లొస్తారన్న భయంతో ఇన్నేళ్లూ డాక్టరమ్మకి కూడా చెప్పలేదట.

అందరూ వాగు దాకా నడిచారు. పాకుడు రాయి దగ్గర బాబాయి అలవాటుగా చెయ్యి చాచాడు. ఆవిడ పట్టుకోలేదు, ఒక్కతే దాటింది. నీళ్లలోకి వంగి చారల చేపల్ని చాలాసేపు లెక్కపెట్టింది. తరవాత పుస్తకం తీసి ఆయన చేతికిచ్చింది.

"నువ్వే రాయి బాబాయ్. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాయి."

బాబాయి కళ్లనీళ్లు తుడుచుకుని, తనూ నీళ్లలోకి వంగి లెక్కపెట్టి, పదకొండు అని రాశాడు.