టేక్ అనే మాటకు నలభై రెండు అర్థాలు

"నీ చెల్లెలు దేశద్రోహి. ముందు ఆ సంగతి ఒప్పుకో. అప్పుడే ఈ కేసు నీకిస్తాను."

ఆ మాట అనేసి నిఘా బ్యూరో చీఫ్ గై ఎనామిల్ కప్పులో తేలుతున్న టీ ఆకుల్ని ఉఫ్‌మని పక్కకి ఊదుకుని ఒక గుక్క తాగాడు. ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ మౌ చెంగ్లిన్ పిడికిళ్ళు జేబుల్లో బిగుసుకున్నాయి. నలభై రోజులుగా అవి అలా బిగుసుకునే ఉన్నాయి.

"ఒప్పుకున్నాను సార్," అన్నాడు మౌ.

పచ్చి అబద్ధం. కానీ అబద్ధాలాడినందుకే జీతమిచ్చే ఉద్యోగంలో పదకొండేళ్ళుగా ఉన్నవాడు. చీఫ్‌కి ఏమాత్రం అనుమానం రాలేదు.

మౌ చెల్లెలు షియావ్‌హ రేవు పట్టణం చింగ్‌దావ్ నౌకల కార్ఖానాలో డ్రాయింగులు నకలు తీసే పని చేసేది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఆదివారాలు పార్కులో ఇంగ్లీషు క్లాసుకి వెళ్ళేది. నలభై రోజుల కిందట బీచ్‌లో బట్టలు మార్చుకునే పందొమ్మిదో నంబరు గది వెనక, రాళ్ళ మధ్య నీళ్ళలో శవమై తేలింది. ఆమె గదిలో రహస్య డ్రాయింగుల నకళ్ళు దొరికాయి. పరాయి దేశానికి అమ్ముకుని, దొరికిపోతానన్న భయంతో దూకిందని ఫైలు మూసేశారు. ఆ రోజు నుంచి వాళ్ళమ్మ చిక్కుళ్ళు ఒలుచుకుందామని వాకిట్లో కూర్చుంటే చాలు, చుట్టుపక్కల ఆడవాళ్ళు తమ పీటలు తీసుకుని లోపలికి పోతున్నారు. ముసలామె లేవదు. చిక్కుళ్ళు ఒలుచుకుంటూ ఉంటుంది. అది చూసినప్పుడల్లా ఎవడి పీకో ఒకటి పిసకాలనిపిస్తుంది మౌకి.

"చెల్లెలు పోయాక కూడా డ్రాయింగులు పోతూనే ఉన్నాయి కదా సార్?"

"అదే తలనొప్పి. మొన్న ప్రొపెల్లర్ షీటు పోయింది. అది లేకపోతే వాళ్ళకి మిగతావన్నీ చిత్తు కాగితాలే. రేవులో ఉన్న సరుకు ఓడ ఇవాళ పన్నెండున్నరకి లంగరెత్తుతుంది. షీటు చేతులు మారేది పార్కులో, ఆదివారం ఇంగ్లీషు క్లాసులో అని కబురు. అక్కడ మన మనిషి ఒకరున్నారు. కోడ్ పేరు కమేలియా. క్లాసు చెప్పే మిస్ షెన్."

"ఆమె వాళ్ళ మనిషి అనుకున్నానే?"

"వాళ్ళూ అలాగే అనుకుంటున్నారు," అని చీఫ్ గర్వంగా నవ్వాడు. "మూడేళ్ళుగా వాళ్ళ కబుర్లు మనకి మోస్తోంది. బంగారంలాంటి డబుల్ ఏజెంట్. నీ చెల్లెలి మీద మొదట ఉప్పందించిందీ ఆవిడే." సొరుగులోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పడేశాడు. "ఇది షియావ్‌హ గదిలో దొరికిన కోడ్ పుస్తకం. ఇది పట్టుకుని విద్యార్థిలా వెళ్ళు."

ఇంగ్లీషు క్రియల పుస్తకం అది. ఊళ్ళో చదువు పిచ్చి పట్టిన ప్రతివాడి చంకలోనూ అదే ఉంటుంది. కింద స్టోర్‌లో మౌకి నూనె మరకల నీలం కోటూ, టిన్ను క్యారియరూ ఇచ్చారు. క్యారియర్ అడుగున వైర్‌లెస్ ఉంది. పైన ఉడికించిన బన్ను పెట్టారు.

"బన్నుకి నోరు ఆనించి మాట్లాడాలి," అన్నాడు స్టోర్ గుమాస్తా. "తినెయ్యకండి. పోయినసారి ఒకాయన తినేశాడు."

పదిన్నరకి పార్కు దద్దరిల్లుతోంది. నూటికి పైగా జనం చెట్ల కింద నిలబడి, మిస్ షెన్ మైకులో చెప్పిన ప్రతి వాక్యాన్నీ గొంతు చించుకుని తిరిగి చెబుతున్నారు. ఆమె చెప్పడం, వీళ్ళు అరవడం. క్లాసంటే అంతే, పుస్తకం ఎవరూ తెరవరు. ఆమె తుమ్మినా వీళ్ళు తిరిగి తుమ్మేలా ఉన్నారు. ఉంగరాల జుట్టు, మీగడ రంగు కోటు, ఎర్రటి గోళ్ళు. చదువు రానివాళ్ళు కూడా ముందు వరసలో చేరడానికి కారణం ఇంగ్లీషు ఒక్కటే కాదు.

"మూణ్ణెల్లుగా ఒకే మాట తమ్ముడూ!" అన్నాడు మౌ పక్కన నిలబడ్డ ముసలాయన. రిటైరైన బస్సు కండక్టరు, పేరు తెంగ్. "టేక్! నలభై రెండు అర్థాలట. మనం మందు తింటాం. వాళ్ళు మందు తీసుకుంటారట. మనం బస్సులో కూర్చుంటాం. వాళ్ళు బస్సునే తీసుకుంటారట! నా బస్సు తీసుకుపోతానంటే ఊరుకునేవాణ్ణా?"

"స్నానం కూడా తీసుకుంటారట కదా తాతా?"

"ఫొటో, టైము, కుర్చీ, అన్నీ తీసుకుంటారు. దొంగముండాకొడుకులు, ఇచ్చే అలవాటే లేనట్టుంది!"

విరామంలో మిస్ షెన్ దగ్గరికొచ్చింది. "ఏ క్రియ కష్టంగా ఉంది కామ్రేడ్?" కోడ్ మాట.

"కష్టం కానిది చెప్పండి టీచర్." జవాబు.

ఆమె గొంతు తగ్గించింది. "తెంగ్ ముసలాణ్ణి కనిపెట్టుకుని ఉండు. వాడే."

మౌ తిరిగి వచ్చి తెంగ్ పక్కన గడ్డి మీద కూర్చున్నాడు. ముసలాడు పొద్దుతిరుగుడు గింజలు నముల్తూ, మౌ చేతిలోని పుస్తకాన్ని పక్కనుంచి చూసి పకపకా నవ్వాడు.

"ఇదెవరి పుస్తకం? నీది కాదు."

మౌ పుస్తకాన్ని కాస్త వెనక్కి లాక్కున్నాడు. "ఎలా చెప్పగలవు తాతా?"

"నాది చూడు." తెంగ్ తన పుస్తకం చూపించాడు. మొదటి ఇరవై పేజీల అంచులు పెనం అడుగులా నల్లబడి ఉన్నాయి. ఆ తర్వాతవన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. "అదుగో, ఆ అమ్మాయిది చూడు. ఆ పంతులుది చూడు. ప్రతి వసంతంలోనూ మొదటి పేజీ నుంచి మొదలెడతాం. మొదటి మాట అబాండన్, అబాండన్ అని వారం అరుస్తాం. తర్వాత ఓపిక పోతుంది. మళ్ళీ మొదటి నుంచి. ఈ దేశంలో ఇంగ్లీషు నేర్చుకునేవాడి పుస్తకానికి మొహం నల్లగా, ఒళ్ళు తెల్లగా ఉంటుంది. నీదేమో మొహం తెల్లగా ఉండి నడుం దాటాక ఒక్కచోటే మాసింది!"

మౌ పుస్తకం తిప్పి చూశాడు. నిజం. మొదటి పేజీలు వేలి ముద్ర కూడా పడనంత శుభ్రంగా ఉన్నాయి. టేక్ ఉన్న పేజీ ఒక్కటే నలిగి, జిడ్డు పట్టి ఉంది.

షియావ్‌హ పుస్తకం అతనికి గుర్తుంది. కిటికీలో ఉండేది. ఇరవై పేజీలు నల్లగా, మిగతాది తెల్లగా. అది ఇంట్లో ఎక్కడా కనిపించలేదు. దాని చోట ఇది పెట్టారు. ఇది నేర్చుకునేవాళ్ళ పుస్తకం కాదు. మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేనివాళ్ళది, ఇంగ్లీషు ముందే వచ్చినవాళ్ళది. మౌ తలెత్తాడు. మూణ్ణెల్లుగా టేక్ పాఠం చెబుతున్న మిస్ షెన్ చేతిలో నిన్న కొన్నట్టున్న సరికొత్త పుస్తకం ఉంది.

అతని ఒళ్ళంతా నిప్పంటుకుంది. మా చెల్లిని చంపి, చచ్చినదాని గదిలో నీ పుస్తకం పెట్టావా!

జిడ్డు పేజీ తెరిచాడు. కొన్ని అర్థాల నంబర్ల పక్కన పెన్సిల్ చుక్కలున్నాయి. ఏడు, పన్నెండు, చివరిది పందొమ్మిది. బీచ్‌లో బట్టలు మార్చుకునే గదులు సరిగ్గా నలభై రెండు. సీజను రాలేదు కాబట్టి అన్నీ ఖాళీ. పందొమ్మిదో గది వెనకే షియావ్‌హ దొరికింది. మైకులో ఆమె ఏ నంబరు చెబితే సరుకు ఆ గదిలో ఉంటుందన్నమాట.

బెంచీ మీద ఒక విదేశీ నావికుడు ఈ ఊరి అలవాటు ప్రకారం ప్లాస్టిక్ సంచిలో బీరు స్ట్రాతో పీలుస్తూ వాచీ చూసుకుంటున్నాడు. మౌ చెట్టు చాటుకి వెళ్ళి బన్నుకి నోరు ఆనించాడు.

"చీఫ్, మనుషుల్ని ఆరో నంబరు గదిలో పెట్టండి. వెంటనే. షెన్ మనల్ని అమ్మేసింది."

"నీకు మతి పోయిందా? ఆవిడ మన..."

"నా మాట తప్పయితే నా ఫైల్లో కూడా ద్రోహి అని రాసుకోండి. ఆరో నంబరు!"

మూత పెట్టేసి ముందు వరసలోకి తోసుకుంటూ పోయాడు. పదకొండు యాభై ఎనిమిది. మిస్ షెన్ మైకు ఎత్తింది. "ఇంటి దగ్గర చదవాల్సిన అర్థం, నంబరు..."

నావికుడు స్ట్రా వదిలేసి తల ఎత్తాడు.

"ము..." అని ఆమె నోరు తెరిచేలోగా మౌ మైకు లాక్కుని అరిచాడు. "నంబరు ఆరు!"

"నంబరు ఆరు!" అని నూరు గొంతులు అరిచాయి. అలవాటు అలవాటే. "ఆరు!" అని మౌ మళ్ళీ అరిచాడు. "ఆరు!" అని పార్కంతా మోగింది. ఆమె ఏదో అరిచింది గానీ ఆ హోరులో పక్కవాడికి కూడా వినబడలేదు. నావికుడు బీరు సంచి పడేసి, చకచకా బీచ్ వైపు నడిచాడు.

మౌ మైకు స్విచ్చి ఆపి కిందకి దించాడు. షెన్ మొహంలో రంగు పోయి, మళ్ళీ వచ్చింది. నవ్వింది. ముందు వరసకి అర్థం కాకుండా ఇంగ్లీషులోకి మారింది, అదీ గబగబా, గొంతులోనే.

"నీ దగ్గర ఏముంది? ఒక మాసిన పుస్తకం. మీ చీఫ్ మూడేళ్ళుగా నా చేతిలో మనిషి."

"మా చెల్లి ఏం చేసింది నిన్ను?" మౌకి వచ్చిన ముక్కల ఇంగ్లీషులో అడిగాడు. గొంతు వణికింది. వణకనిచ్చాడు. ఏడుస్తున్నాడనుకుంటే ఆమెకి ధైర్యం వస్తుంది.

వచ్చింది కూడా. ఆమె ఇంకా దగ్గరికి వంగింది. మౌ బొటనవేలు స్విచ్చి మీదకి జరిగింది.

"పందొమ్మిదో గది దాకా నా వెంట పడింది. నేనే తోశాను!"

చెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకర్లోంచి టీచర్ గొంతు ఖంగుమని మోగింది. టీచర్ గొంతు వినగానే నూట పదిమంది ఊపిరి పీల్చుకుని, చక్కటి ఇంగ్లీషులో, ఒక్క పెట్టున తిరిగి చెప్పారు.

"నేనే తోశాను!"

అర్థం ఒక్కొక్కరికే వెలిగింది. ముందు పంతులుకి, తర్వాత ఆ అమ్మాయికి, చిట్టచివరికి తెంగ్‌కి. ముసలాడి చేతిలో గింజలు జారిపోయాయి.

"మన షియావ్‌హనా?" అన్నాడు. "పోయిన పిల్లని అన్నన్ని మాటలన్నామే... నువ్వా, ఏమే, నువ్వా తోసింది?"

మిస్ షెన్ వెనక్కి అడుగేసింది. వెనక వరస కదల్లేదు. పక్క వరసలూ కదల్లేదు. ఆమెకి దారి ఇచ్చినవాడు ఒక్కడూ లేడు. మౌ చెయ్యి ఆమె గొంతు దాకా వెళ్ళింది. ఎర్రటి గోళ్ళు అతని మణికట్టులో దిగాయి. నలభై రోజులుగా ఈ ఒక్క నిమిషం కోసమే తిని, ఈ ఒక్క నిమిషం కోసమే పడుకున్నాడు. బిగిస్తే అయిపోతుంది.

బిగించలేదు. "నువ్వు ఇప్పుడే పోతే మా అమ్మ వాకిట్లోకి వచ్చి నిజం ఎవరు చెబుతారే? బతికుండి, కోర్టులో మళ్ళీ చెప్పు," అని సంకెళ్ళు వేశాడు.

ఆరో గదిలోకి దూరిన నావికుడి మీద నలుగురు పడ్డారు. ప్రొపెల్లర్ షీటు ముప్పై ఒకటో గదిలో, పాత ఈత టోపీలో చుట్టి దొరికింది. సరుకు ఓడ పన్నెండున్నరకి లంగరెత్తలేదు. సాయంత్రానికి పోలీసులే దాన్ని అడుగు నుంచి పైదాకా గాలించారు.

నాలుగింటికి మౌ చీఫ్ బల్ల మీద చెల్లెలి ఫైలు తెరిచి, 'ఆత్మహత్య' అన్న మాటనీ 'ద్రోహి' అన్న మాటనీ కాగితం చిరిగేలా కొట్టేశాడు.

చీఫ్ గై మొహం మాడిపోయి ఉంది. అయినా అలవాటు పోలేదు. "అలా నీ ఇష్టానికి కొట్టెయ్యడానికి లేదయ్యా. దీనికి కనీసం ఇద్దరు సాక్షులు కావాలి."

"నూట పదిమంది ఉన్నారు సార్," అన్నాడు మౌ. "అందరూ ఇంగ్లీషులోనే చెప్పారు. మీకు అర్థం కాకపోతే వచ్చే ఆదివారం రండి, మొదటి పేజీ నుంచి నేర్పిస్తారు."